చదువు నిత్యమా, కామ్యమా?

సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మనోవికాస్ నగర్ అనే ఆవరణ ఉంది. బుద్ధి వికాసంలో వెనకబడిన పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో అక్కడ ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. చాలా ఏళ్లు దాన్ని ఎన్‌ఐఎంహెచ్ అన్నారు. ఇప్పుడది మేధో వైకల్యం గలవారి సాధికారత సంస్థ, ఎన్‌ఐఈపీఐడీ. ఇలాంటి పిల్లల్ని ఎలా పరీక్షించాలి, ఎలా చదివించాలి అన్న రెండు ప్రశ్నల మీద నాలుగు దశాబ్దాలుగా పని చేస్తున్న చోటు అది. ఆ రెండింటిలో ఏది ముందుండాలి అన్నదే ఇక్కడి చర్చ. మన వ్యవస్థలో పరీక్షదే ముందు పీట. బిడ్డకు ప్రత్యేక విద్య కావాలంటే ముందు పరీక్ష, ఆ పరీక్షలో ఒక అంకె, ఆ అంకెకు ఒక శాతం, ఆ శాతంతో ఒక సర్టిఫికెట్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి నుంచి తల్లిదండ్రుల నోట ఇది ‘సదరం’గా స్థిరపడింది, ఇప్పుడు ఆ చోటులోకి యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు వచ్చింది. 2018లో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల్లో స్కోరు 69 వచ్చిన బిడ్డది స్వల్ప వైకల్యం, 50 శాతం. 70 వచ్చిన బిడ్డది సరిహద్దు స్థితి, 25 శాతం. దివ్యాంగుల ప్రయోజనాలకు చట్టం గీసిన గీత 40 శాతం దగ్గర ఉంది. అంటే ఒక్క పాయింటు తేడాతో ఒక బిడ్డ గీతకు లోపల, ఇంకో బిడ్డ బయట. అదే బిడ్డను ఇంకో రోజు ఇంకొకరు పరీక్షిస్తే నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ కావడం ఈ పరీక్షల స్వభావంలోనే ఉంది. అయినా ఆ గీతే బిడ్డ బాల్యానికి హద్దు అయి కూర్చుంటోంది.

ఇది ఆఫీసు ఫైళ్ల సంగతిలా కనిపిస్తుంది గానీ, మన తాత్విక సంప్రదాయం రెండువేల ఏళ్ల కిందటే తలకెత్తుకున్న ప్రశ్న. దానికి వాళ్లు పెట్టిన పేరు అధికారం. ఏ శాస్త్రం మొదలుపెట్టినా దీనికి అధికారి ఎవరు అని అడగడం వేదాంతంలో ఆనవాయితీ. ఆ మాటకు అక్కడ అర్హుడైన విద్యార్థి అని అర్థం. ఇవాళ అదే మాట ముద్ర వేసే ఉద్యోగిని సూచిస్తోంది; అర్హత శిష్యుడి నుంచి గుమ్మం కాపలాదారుకు మారిపోయిందని ఆ మాటే సాక్ష్యం చెబుతోంది. జైమిని పూర్వమీమాంసా సూత్రాల్లో ఆరో అధ్యాయం మొత్తం ఈ అధికార విచారణకే కేటాయించారు. యజ్ఞకర్మ చేయడానికి అర్హుడెవరు? ఫలం కోరేవాడై ఉండాలి, చేయగల సామర్థ్యం ఉండాలి. మరి డబ్బు లేనివాడి సంగతేమిటి? డబ్బు సంపాదించుకోవచ్చు కాబట్టి అతన్ని తోసివేయకూడదు అన్నారు. అంగవైకల్యం ఉన్నవాడి సంగతి? వైకల్యం నయమయ్యేదైతే అతనూ పేదవాడి వంటివాడే, అర్హుడే అన్నారు. పుట్టుకతో వచ్చి నయం కానిదైతే మాత్రం అధికారం లేదన్నారు. కర్మలోని అంగాలన్నీ, అంటే ప్రధాన క్రియకు తోడుగా చేయవలసిన పనులన్నీ, సక్రమంగా జరిగితేనే కర్మ ఫలిస్తుంది. చూడలేనివాడు, వినలేనివాడు, నడవలేనివాడు ఆ అంగాలను నెరవేర్చలేడు. కాబట్టి అతనికి ఫలం లేదు, ఫలం లేనిచోట అధికారం లేదు అన్నది వాళ్ల తర్కం. ఇందులో ద్వేషం లేదు. ద్వేషం లేకుండానే మనిషిని గుమ్మం బయట నిలబెట్టగల తర్కం ఇది, అందుకే దీన్ని జాగ్రత్తగా పరిశీలించాలి.

ఎందుకంటే ఈ తర్కం యాగశాలతో ఆగలేదు. మనుస్మృతి పుట్టుగుడ్డి, పుట్టుచెవిటి, మూగ, జడుడు వంటివారికి ఆస్తిలో వాటా లేదని చెప్పి, జీవితాంతం తిండీ బట్టా మాత్రం పెట్టమంది. పోషణకు అర్హులు, హక్కుకు కాదు. 1928లో బ్రిటిష్ ఇండియా చట్టం ఈ అనర్హతను తొలగించింది. అయితే పుట్టుకతోనే మతి లేనివారిని, బుద్ధి ఎదగనివారిని మాత్రం మినహాయించింది. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 28వ సెక్షన్ వచ్చాకే ఏ రోగమూ, ఏ లోపమూ వారసత్వానికి అడ్డు కాదన్న మాట పూర్తయింది. ఇంగ్లండులోనూ ఇదే నడక. అక్కడ కొందరు పిల్లలు బడి చదువుకు పనికిరారని అధికారికంగా తేల్చి పక్కన పెట్టే పద్ధతిని 1970 నాటి చట్టం గానీ రద్దు చేయలేదు. దేశాలు వేరు, మతాలు వేరు, వరస మాత్రం ఒకటే. ముందు నయమయ్యేవాడు లోపలికి వస్తాడు, తర్వాత కాలు లేనివాడు, ఆ తర్వాత కన్ను లేనివాడు. అందరూ వెళ్లాక గుమ్మం దగ్గర మిగిలేది బుద్ధి ఎదగని బిడ్డ. ఆ బిడ్డను దృష్టిలో పెట్టుకుని అర్హతను నిర్వచించనంతకాలం మన నిర్వచనం అసంపూర్ణమే.

ఇక్కడే మీమాంస మనకు ఇంకో దారి కూడా చూపిస్తుంది. ఆరో అధ్యాయంలోనే కొంచెం ముందుకు వెళితే ఇంకో విచారణ ఉంది: అంగాలన్నీ చేయలేనివాడు కర్మను మొత్తంగా మానేయాలా? దీనికి వాళ్లు కర్మను రెండుగా విడదీసి జవాబు చెప్పారు. స్వర్గం కోసమో సంతానం కోసమో చేసేది కామ్యకర్మ. అది ఇష్టమైతేనే చేస్తాం కాబట్టి సర్వాంగ సంపూర్ణంగా చేయగలిగితేనే మొదలుపెట్టాలి. అగ్నిహోత్రం వంటిది నిత్యకర్మ. అది జీవించినంత కాలం చేయవలసిందే. అందులో ప్రధానాన్ని వదలకూడదు. అంగాలను శక్తి ఉన్నమేరకు చేస్తే చాలు. దీన్నే యథాశక్తి న్యాయం అంటారు. ఆ మాట మనకు కొత్తది కాదు. వినాయక చవితినాడు తెలుగింట సంకల్పం చెప్పుకునేటప్పుడు నోట వచ్చే మాటే అది. పత్రి ఇరవై ఒకటీ దొరక్కపోయినా, మంత్రం తడబడినా, పూజ ఆగదు. ఆ ఒక్క మాటే పూజను కాపాడుతుంది. కాబట్టి వైకల్యం ఉన్న బిడ్డకు చదువుకు అర్హత ఉందా అని అడిగే ముందు, అసలు చదువు నిత్యమా, కామ్యమా అని అడగాలి. కామ్యమైతే సామర్థ్యం రుజువు చేసుకోవలసిన పూచీ బిడ్డది. నిత్యమైతే శక్తి ఎంత ఉన్నా చదువు చెప్పవలసిన పూచీ మనది.

ఒకప్పుడు చదువు కామ్యమే. కొలువు కోసమో పాండిత్యం కోసమో కొందరు ఎంచుకున్న దారి అది. 2002లో 86వ సవరణ రాజ్యాంగంలో 21ఏ అధికరణాన్ని చేర్చి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కు చేసింది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజుతో చదువు నిత్యమైంది. నిర్బంధం అన్న మాటకు బిడ్డను కట్టివేయడమని కాదు, ప్రభుత్వాన్ని కట్టివేయడమని అర్థం. నిత్యకర్మ గురించి మీమాంసకులు చెప్పే ఇంకో మాట కూడా ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. నిత్యకర్మ చేస్తే ప్రత్యేకంగా ఏదో వస్తుందని కాదు, చేయకపోతే ప్రత్యవాయం వస్తుంది, అంటే దోషం అంటుతుంది. ఆ దోషం చేయవలసినవాడికే అంటుతుంది. బిడ్డ చదువు లేకుండా పెరిగితే లోపం బిడ్డది కాదు, చెప్పకుండా వదిలేసిన సమాజానిది. మన దేశంలో వైకల్యం ఉన్న ఐదేళ్ల పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మంది ఏ విద్యాసంస్థకూ వెళ్లడం లేదని 2019లో యునెస్కో నివేదిక చెప్పింది. దాన్ని పిల్లల వెనకబాటుకు లెక్కగా చదువుతున్నాం. మన ప్రత్యవాయానికి లెక్కగా చదవాలి.

చదువు నిత్యమని ఒప్పుకుంటే, అందులో ప్రధానం ఏది, అంగాలేవి అని విడదీయాలి. ఇంకొకరు పక్కన కూర్చుని బిడ్డను ఈ రోజున్న చోటు నుంచి ఒక అడుగు ముందుకు నడిపించడమే ప్రధానం. తరగతి, సిలబస్, పాఠ్యపుస్తకం, మార్కులు, పిరియడ్ గంట అన్నీ అంగాలే. మనం అంగాలను ప్రధానమనుకుని, వాటిని మోయలేని బిడ్డకు ప్రధానాన్నే నిరాకరిస్తున్నాం. పంచతంత్రం మొదట్లో విష్ణుశర్మ చేసింది సరిగ్గా దీనికి విరుద్ధమైన పని. వ్యాకరణానికే పన్నెండేళ్లు పడుతుందన్న కొలువులో, చదువు ఎక్కని ముగ్గురు రాకుమారులను చూసి ఆయన వాళ్ల బుద్ధిని కొలవలేదు, పాఠాన్ని మార్చాడు. ఆరు నెలలు గడువు పెట్టుకుని కథల్లో చెప్పాడు. అంగం పోయింది, ప్రధానం నిలిచింది. మనోవికాస్ నగర్ సంస్థ చేసిన పనిలోనూ ఇలాంటి వివేకమే ఉంది. అక్కడ తయారైన ఎఫ్‌ఏసీపీ అనే మదింపు జాబితా బిడ్డలో ఎంత తక్కువ ఉందని అడగదు. అన్నం కలుపుకుని తినడం, గుండీ పెట్టుకోవడం, పేరు గుర్తుపట్టడం, డబ్బు లెక్కపెట్టడం వంటి పనులను వరసగా పెట్టి, బిడ్డ దేన్ని తనంతట చేస్తాడు, దేన్ని నోటిమాటతో చెబితే చేస్తాడు, దేనికి చేయి పట్టుకుని చేయించాలి అని అడుగుతుంది. పూర్వ ప్రాథమిక స్థాయి నుంచి వృత్తి శిక్షణకు ముందు దశ దాకా మెట్లుంటాయి. పూర్తిగా ఇతరుల మీద ఆధారపడే పిల్లలకు కూడా అందులో ఒక వర్గం ఉంది. అనర్హులు అన్న వర్గం మాత్రం లేదు. అంటే పరీక్షకు రెండు రకాల ప్రయోజనాలున్నాయి. నువ్వు లోపలికి రావచ్చా అని అడిగే పరీక్ష ఒకటి. లోపలికి వచ్చావు, ఎక్కడి నుంచి మొదలుపెడదాం అని అడిగే పరీక్ష ఇంకొకటి. 1905లో ప్యారిస్‌లో మనస్తత్వవేత్త బినే తొలి బుద్ధి పరీక్షను తయారుచేసింది రెండో పనికే, సాయం కావలసిన పిల్లల్ని గుర్తించడానికే. తర్వాతివాళ్లు దాన్ని మొదటి పనికి వాడారు.

మన చట్టంలోనూ ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 1995 చట్టం ఏడు వైకల్యాలను గుర్తిస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21ని గుర్తించింది. అంతకన్నా పెద్ద మార్పు నిర్వచనంలో ఉంది. దీర్ఘకాలిక లోపం ఎదుటి అడ్డంకులతో కలిసి మనిషిని సమాజంలో సమానంగా పాల్గొననివ్వకపోవడాన్ని ఆ చట్టం వైకల్యమంది. అంటే వైకల్యం సగం బిడ్డలో, సగం బడిలో ఉంది. 16వ సెక్షన్ ప్రకారం ప్రతి గుర్తింపు పొందిన బడీ బిడ్డ అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలి. చదవడం, రాయడం వంటివాటిలో ప్రత్యేక అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన విధంగా బోధించాలి. అక్కడ 40 శాతం అన్న మాటే లేదు. ఆ గీత 31, 32 సెక్షన్ల దగ్గర వస్తుంది: ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పొరుగు బడిలో గానీ కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత విద్య, ఉన్నత విద్యలో ఐదు శాతం సీట్లు. సీట్ల దగ్గర నిలబడవలసిన కాపలాదారు ఆచరణలో తరగతి గది ముందుకు వచ్చి నిలబడ్డాడు. సర్టిఫికెట్ తెచ్చాకే చూద్దాం అన్న మాట బోధన దగ్గర కూడా వినిపిస్తోంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ గందరగోళాన్ని విడదీసింది. చేయి కొంకర్లు పోయి రాయలేని ఒక యూపీఎస్సీ అభ్యర్థికి లేఖకుణ్ణి ఇవ్వడానికి 40 శాతం ఉండనవసరం లేదని, సర్దుబాటు పొందే హక్కు వేరు, రిజర్వేషన్‌కు పెట్టిన కొలమానం వేరని చెప్పింది. ఈ తీర్పు తర్కాన్ని ఒకటో తరగతి దాకా తీసుకురావాలన్నదే నా వాదన.

గీత లేకపోతే అందరూ ఎగబడతారు, నిజంగా అవసరమైనవాడికి అందదు అన్నది దీని మీద వచ్చే మొదటి ఆక్షేపణ. తేలిగ్గా తీసేయదగిన మాట కాదిది. సీటు, ఉద్యోగం, పింఛను లెక్కకు లోబడినవి. ఒకరు తీసుకుంటే ఇంకొకరికి తగ్గుతాయి. దొంగ సర్టిఫికెట్ వల్ల నష్టపోయేది నిజమైన దివ్యాంగుడే. అక్కడ గీత న్యాయమే, కఠినంగా ఉన్నా న్యాయమే. అవి కామ్యాలు. కానీ అక్షరం నెమ్మదిగా నేర్పించమని, పలక మీద పెద్దగా రాయమని, పరీక్షలో అరగంట ఎక్కువ ఇమ్మని అడగడానికి ఎవరు ఎగబడతారు? బుద్ధిమాంద్యం అన్న ముద్రను దొంగతనంగా కోరుకునే తల్లి ఎవరు? నిజానికి జరిగేది దీనికి వ్యతిరేకం. ముద్ర పడుతుందన్న భయంతో కుటుంబాలు పరీక్షకే వెళ్లకుండా ఏళ్లు గడిపేస్తాయి. సాయానికీ ముద్రకూ వేసిన ముడిని విప్పితే ఆ భయం సగం పోతుంది. ఆలస్యం కూడా తగ్గుతుంది. అభ్యసన వైకల్యాన్ని ధ్రువీకరించడానికి ఎనిమిదేళ్లు నిండాలంటారు. రోగనిర్ధారణ దృష్ట్యా అది సరైన జాగ్రత్తే. కానీ ఎనిమిదేళ్లకు బిడ్డ మూడో తరగతిలో ఉంటాడు. అప్పటికే మొద్దు అన్న బిరుదు అతనికి వచ్చేసి ఉంటుంది. ఇంట్లో తెలుగో ఉర్దూనో తమిళమో మాట్లాడి బడిలో ఇంగ్లీషు చదివే సికింద్రాబాద్ బిడ్డకు తడబాటు వైకల్యం వల్లా, భాష వల్లా అన్నది తేలడానికి ఇంకా సమయం పట్టవచ్చు. కారణం ఏదైనా, పక్కన కూర్చుని చదివించడం రెండింటికీ మొదటి మందే. అది తేలే దాకా ఆగనవసరం లేదు.

రెండో ఆక్షేపణ కఠినమైనది: ఏమీ నేర్చుకోలేని బిడ్డకు చదువు చెప్పి ప్రయోజనమేమిటి? ఇది జైమిని వాదమే, నయం కానిచోట ఫలం లేదు, ఫలం లేనిచోట అధికారం లేదు. అమెరికాలో 1975 చట్టం వికలాంగ పిల్లలందరికీ విద్య హామీ ఇచ్చాక, న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని రోచెస్టర్ విద్యాశాఖ తీవ్రమైన బహుళ వైకల్యాలున్న ఒక బాలుడి విషయంలో సరిగ్గా ఈ మాటే అంది. కింది కోర్టు ఒప్పుకుంది. 1989లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. ప్రయోజనం పొందగలనని రుజువు చేసుకోవడం హక్కుకు ముందస్తు షరతు కాదని, వైకల్యం ఎంత తీవ్రమైనా ఏ బిడ్డనూ తిప్పి పంపకూడదని చెప్పింది. తాత్వికంగా ఆ తీర్పే సరైనది. నేర్పకముందే నేర్చుకోలేడని చెప్పడం సాధ్యం కాదు. నేర్పి చూశాక చెప్పవచ్చు గానీ, అప్పటికి నేర్పడం జరిగిపోయి ఉంటుంది. పైగా నిత్యానికి ఫలం షరతు కాదని ఆ మీమాంసే చెప్పింది. కొందరు దీన్ని పూర్వజన్మ కర్మ మీదికి నెడతారు. కర్మ సిద్ధాంతాన్ని పూర్తిగా నమ్మినా సరే, బిడ్డ స్థితికి అది నిన్నటి కారణం చెబుతుందేమో గానీ ఇవాళ మన కర్తవ్యాన్ని రద్దు చేయదు. ఎదుటివాడి ప్రారబ్ధం మన సోమరితనానికి ప్రమాణం కాదు.

శూద్రుణ్ణి, వికలాంగుణ్ణి బయట నిలబెట్టిన శాస్త్రాన్ని ఇక్కడ సాక్షిగా పిలవడమేమిటి అని మూడో ఆక్షేపణ రావచ్చు. న్యాయమైన ప్రశ్న. శాస్త్రం చెప్పింది కాబట్టి ఒప్పుకోమని నేను అనడం లేదు. దాని ముగింపును వదిలేసి, దాని తర్కాన్ని చివరిదాకా నడిపించమంటున్నాను. ఆ అధ్యాయంలోనే బాదరి అనే ఆచార్యుడి పక్షం నమోదై ఉంది. అధికారం అందరిదీ అన్నాడాయన. జైమిని ఆయన్ని ఒప్పుకోలేదు గానీ పేరును చెరిపేయలేదు. బాదరి పక్షాన్ని గెలిపించింది తర్వాతి చరిత్ర. ఈ జంటనగరాల్లోనే 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో భాగ్యరెడ్డి వర్మ ఆదిహిందూ పిల్లలకు బడులు తెరిచినప్పుడు, వాళ్లకు చదువు ఎక్కుతుందా అని ముందు పరీక్ష పెట్టలేదు. బడి తెరిచాడు. చదువు ఎక్కడం తర్వాత జరిగింది. అర్హత అన్నది చదువుకు ముందు రుజువయ్యేది కాదని, చదువు వల్ల బయటపడేదని ఆ బడులు చూపించాయి.

చివరిగా ఒక ప్రమాదం నా వాదనలోనే ఉంది. యథాశక్తి అన్న మాటను ప్రభుత్వం తన సాకుగా వాడుకోవచ్చు: మా శక్తి ఇంతే, టీచర్లు లేరు, నిధులు లేవు. కానీ ఆ న్యాయం సడలింపు ఇచ్చింది అంగాలకు మాత్రమే, ప్రధానానికి కాదు. ప్రత్యేక ఉపాధ్యాయుడు లేని చోట జరగనిది ప్రధానమే. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై స్థాయిలో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని 2021లో సుప్రీంకోర్టు అన్నది అందుకే. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసే రిసోర్స్ పర్సన్ల మీద ఆ భారం ఎంత ఉందో చూస్తే, కొలవవలసింది బిడ్డ శక్తిని కాదు, మన సంకల్పాన్ని అని అర్థమవుతుంది. యథాశక్తి అన్నది బిడ్డ అడుగు పొడవు గురించిన మాట. చేయి పట్టుకోవలసినవాడు దాన్ని తన గురించి చెప్పుకోకూడదు.

అంటే సర్టిఫికెట్లు చించేయమని కాదు. వాటి వరస మార్చమని. బిడ్డ బడికి వచ్చిన రోజే బోధన మొదలుకావాలి. మదింపు దాని పక్కనే నడవాలి. ఎంత సాయం, ఏ సాయం, ఎంతకాలం అన్నది తేల్చాలి. శాతం కావలసిన చోట, సీటు దగ్గరా పింఛను దగ్గరా, శాతం అడగాలి. బాసరలో అక్షరాభ్యాసానికి ఒళ్లో కూర్చున్న బిడ్డ వేలు పట్టుకుని బియ్యంలో ఓనమాలు దిద్దిస్తారు. ఆ వేలికి బలం ఎంత, ఆ బుద్ధికి స్కోరు ఎంత అని అక్కడ ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ మొదటి అక్షరాన్ని ఏ బిడ్డా తనంతట రాయదు. ఎవరో ఒకరు వేలు పట్టుకుని దిద్దించాలి. కొందరు పిల్లలకు ఆ చేయి ఒక్క పూట చాలు, కొందరికి ఏళ్లు కావాలి. తేడా అంతే.